సైకిల్ దిగాక ఏం తాగాలి?

పొద్దున్నే మఠంపల్లి నుంచి మట్టపల్లి నరసింహస్వామి గుడి దాకానో, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ వైపో, నేరేడుచర్ల దాటి మిర్యాలగూడ వైపో సైకిల్ తొక్కి రావడం కొత్తగా మొదలుపెట్టినవాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు నా పొరపాటు చెబుతా. ఏప్రిల్ నెల. సిమెంటు లారీలు రోడ్డెక్కకముందే బయల్దేరినా, తిరిగొచ్చేసరికి తొమ్మిదిన్నర దాటింది. ఊళ్లోకి రాగానే కనిపించిన మొదటి దుకాణంలో కూల్‌డ్రింకు సీసాలు రెండు గటగటా తాగేశాను. పావుగంటలో కడుపు ఉబ్బరం, ఆ వెంటనే తలనొప్పి. మధ్యాహ్నమంతా మంచం మీదే. అమ్మ వచ్చి చూసి, "ఉప్పేసిన సల్ల చెంబెడు తాగితే పొయ్యేదానికి ఇంత తిప్పలెందుకురా" అన్నది. అప్పుడు నవ్వాను. తర్వాత కూర్చుని లెక్క వేస్తే అమ్మ మాటలో ముప్పావు వంతు నిజం తేలింది. మిగిలిన పావు వంతు ఏమిటో కింద తెలుస్తుంది.

ముందు ఒక్క సూత్రం

ఒంట్లోంచి ఏం పోయిందో తెలిస్తే ఏం తాగాలో తెలుస్తుంది. సైకిల్ తొక్కితే నాలుగు ఖర్చవుతాయి.

ఒకటి, నీరు. చెమటగా పోతుంది.
రెండు, ఉప్పు. చెమటతో పాటే పోతుంది. అందులో ముఖ్యమైనది సోడియం.
మూడు, కండరాల్లో, కాలేయంలో దాచుకున్న చక్కెర. దీన్నే గ్లైకోజెన్ అంటారు. అన్నం, రొట్టె, పండు తింటే మళ్లీ నిండుతుంది.
నాలుగు, కండరాల అరుగుదల. దాన్ని సరిచేయడానికి మాంసకృత్తులు కావాలి.

ఏ సీసా చేతిలోకి తీసుకున్నా ఈ నాలుగింటిలో ఎన్ని ఇస్తుందో అడగండి. సీసా మీది బొమ్మలో మెరిసే ఆటగాడు ఎవరన్నది ఐదో ప్రశ్న, దానికి జవాబు అవసరం లేదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

బరువు చూసే తూకం, మిల్లీలీటర్ల గీతలున్న నీళ్ల సీసా, ఒక టీస్పూను. వంటింట్లో పెరుగు, ఉప్పు, నిమ్మకాయలు, బెల్లం లేదా చక్కెర, అరటిపండ్లు, పాలు. ఇంతే.

అడుగు 1: ఎంతసేపు తొక్కారో చూడండి

కిలోమీటర్ల లెక్క వద్దు. ఎదురుగాలి కొడితే పది కిలోమీటర్లే ఇరవైలా అనిపిస్తాయి. గడియారం చూడండి.

గంటలోపు, చల్లటి పూట తొక్కితే మంచినీళ్లు చాలు. ఆ తర్వాత మామూలు టిఫిన్. ప్రత్యేకమైన డ్రింకు ఏదీ అక్కర్లేదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ల రైడ్లలో ఎక్కువ భాగం ఇలాంటివే. అంటే డ్రింకు కొనాల్సిన అవసరం చాలామందికి చాలా రోజులు రాదు.

గంట నుంచి రెండు గంటలైతే నీళ్లకు ఉప్పు తోడవ్వాలి.

రెండు గంటలు దాటినా, ఎండలో తొక్కినా, అదే రోజు మళ్లీ తొక్కాల్సి ఉన్నా పైన చెప్పిన నాలుగూ కావాలి.

అడుగు 2: తూకం ఎక్కండి

రైడ్‌కు ముందు మూత్రానికి వెళ్లొచ్చి, తక్కువ బట్టలతో బరువు చూసుకోండి. తిరిగొచ్చాక చెమట తుడుచుకుని, తడి బట్టలు విప్పి మళ్లీ చూసుకోండి. దారిలో ఎన్ని నీళ్లు తాగారో సీసా గీతలు చెబుతాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. పొద్దున ఐదున్నరకు 70 కిలోలు. ఏడున్నరకు 68.8. దారిలో 750 మిల్లీలీటర్లు తాగారు. తగ్గిన బరువు 1.2 కిలోలు, తాగింది 0.75 లీటరు. కలిపితే రెండు గంటల్లో పోయిన చెమట దాదాపు 2 లీటర్లు. గంటకు లీటరు.

ఇప్పుడు తాగాల్సింది ఎంత? తగ్గిన ప్రతి కిలోకు 1.25 నుంచి 1.5 లీటర్ల దాకా. తాగినదంతా ఒంట్లో నిలవదు, కొంత మూత్రంగా పోతుంది, అందుకే ఆ పైచిలుకు. మన ఉదాహరణలో 1.2 కిలోలకు లీటరున్నర నుంచి 1.8 లీటర్లు. అదీ రెండు మూడు గంటల్లో, కొంచెం కొంచెంగా.

బరువు 2 శాతం కన్నా ఎక్కువ తగ్గితే, అంటే 70 కిలోల మనిషి 1.4 కిలోల కన్నా ఎక్కువ తగ్గితే, దారిలో తాగింది చాల్లేదని అర్థం. బరువు పెరిగితే అవసరానికి మించి తాగారు. అదీ మంచిది కాదు, ఎందుకో అడుగు 6లో చెబుతాను.

ఈ పని ప్రతిసారీ చేయనక్కర్లేదు. చలికాలంలో రెండుసార్లు, ఎండాకాలంలో రెండుసార్లు చూసుకుంటే మీ ఒంటి సంగతి మీకు తెలిసిపోతుంది. మే నెలలో 45 డిగ్రీల దాకా పోయే ఉమ్మడి నల్గొండ జిల్లా మనది. జనవరి లెక్క మేలో పనికిరాదు.

అడుగు 3: చొక్కా మీద ఉప్పు చూడండి

ముదురు రంగు టీషర్టు వేసుకుని తొక్కి, ఆరాక చూడండి. వీపు మీద, చంకల కింద, హెల్మెట్ పట్టీ మీద తెల్లటి చారలు కనిపిస్తే మీ చెమటలో ఉప్పు ఎక్కువ. చెమట కళ్లలోకి జారి భగ్గున మండినా అదే గుర్తు.

లీటరు చెమటలో సోడియం మనిషిని బట్టి అర గ్రాము నుంచి రెండు గ్రాముల దాకా ఉండొచ్చు. గ్రాము సోడియం అంటే దాదాపు రెండున్నర గ్రాముల ఉప్పు, అంటే అర టీస్పూను కన్నా కాస్త తక్కువ. చారలు పడేవాళ్లు తాగేదాంట్లో ఉప్పు తప్పకుండా వేసుకోవాలి. పడనివాళ్లకు రైడ్ తర్వాత తినే అన్నం, పప్పు, ఓ ఆవకాయ ముక్కతోనే ఉప్పు సరిపోతుంది.

అడుగు 4: మీ రైడ్‌కు తగ్గది ఎంచుకోండి

సల్ల: రెండు గంటల లోపు రైడ్‌కు

ఒక కప్పు పెరుగు, అంటే సుమారు 200 గ్రాములు తీసుకోండి. ముందు నీళ్లు పోయకుండా కవ్వంతో చిలకండి. గడ్డలు పోయి, అంచున నురగ కట్టాకే 600 మిల్లీలీటర్ల నీళ్లు పోయాలి. ముందే నీళ్లు పోస్తే పెరుగు పలుకులు పలుకులుగా తేలుతుంది. పావు టీస్పూను ఉప్పు వేయండి, చొక్కా మీద చారలు పడేవాళ్లు ఇంకాస్త. దంచిన అల్లం, నలిపిన కరివేపాకు, వేయించిన జీలకర్ర పొడి మీ ఇష్టం. రుచి చూస్తే నాలుకకు ఉప్పు తెలియాలి, మొహం మాత్రం ముడుచుకోకూడదు. రైడ్‌కు ముందే కలిపి కుండలో పోసి, నీడన పెట్టి వెళ్తే వచ్చేసరికి చల్లగా ఉంటుంది.

ఇందులో నీరు ఉంది, ఉప్పు ఉంది, ఆరు గ్రాముల దాకా మాంసకృత్తులు ఉన్నాయి. లేనిది చక్కెర. మొత్తం చెంబులో పది గ్రాములు కూడా ఉండదు. అమ్మ మాటలో తక్కువైన పావు వంతు ఇదే. చిన్న రైడ్‌కు ఇది లోటే కాదు. మూడు గంటలు తొక్కొచ్చినవాడికి మాత్రం సల్ల ఒక్కటే తాగితే దాహం తీరుతుంది కానీ కాళ్లు లేవవు.

ఆ లోటును మన పెద్దలు ఎప్పుడో పూడ్చారు. పొలానికి పోయేవాళ్ల సద్దిమూట విప్పి చూడండి. రాత్రి అన్నంలో పెరుగో సల్లో కలిపి, ఉప్పేసి, ఉల్లిగడ్డ నంజుకుని తింటారు. నీరు, ఉప్పు, చక్కెరగా మారే అన్నం, మాంసకృత్తులిచ్చే పెరుగు అన్నీ ఒకే గిన్నెలో. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి పండించి, మిర్యాలగూడ మిల్లుల్లో ఆడించి, ఊరంతటికీ బియ్యం పెట్టే ప్రాంతం మనది. గ్లైకోజెన్ నింపుకోవడానికి పొడి డబ్బాలు తెప్పించుకోవడం ఎందుకు?

బోండాం: దారిలో ఆగినప్పుడు

బండి దగ్గర ఆగగానే "నీళ్లదా, లేత కొబ్బరిదా అన్నా?" అని అడుగుతారు. దాహానికైతే నీళ్లది, ఆకలి కూడా ఉంటే కొబ్బరిది. బోండాం నీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది, చక్కెర మితంగా ఉంటుంది. చెమటలో ఎక్కువ పోయే సోడియం మాత్రం చాలినంత ఉండదు. జేబులో చిన్న పొట్లంలో ఉప్పు పెట్టుకుని, చిటికెడు కలుపుకుంటే ఆ లోటు తీరుతుంది.

పాలు, అరటిపండు: రెండు గంటలు దాటితే

300 మిల్లీలీటర్ల పాలు, రెండు అరటిపండ్లు, ఒక చెంచా బెల్లం తురుము. మిక్సీలో వేసి తాగండి, లేదా పండ్లు తిని పాలు తాగండి. పిండి పదార్థం, చక్కెర కలిపి 70 గ్రాములకు పైగా, మాంసకృత్తులు 11 గ్రాముల దాకా వస్తాయి. గుప్పెడు వేయించిన పల్లీలు తోడైతే మాంసకృత్తులు 18 దాటుతాయి. గట్టిగా తొక్కాక కిలో బరువుకు ఒక గ్రాము చొప్పున పిండి పదార్థం, మొత్తం 20 గ్రాముల చుట్టూ మాంసకృత్తులు అన్నది క్రీడా పోషకాహారంలో మామూలుగా వాడే లెక్క. 70 కిలోల మనిషికి ఈ గ్లాసు, గుప్పెడు పల్లీలు కలిపితే సరిగ్గా సరిపోతుంది.

పాలకు పరిశోధన బలం కూడా ఉంది. 2006లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో 9 మంది సైక్లిస్టుల చేత బాగా అలసిపోయేలా తొక్కించి, మధ్యలో విశ్రాంతినిచ్చి, మళ్లీ తొక్కించారు. విశ్రాంతిలో చాక్లెట్ పాలు తాగినప్పుడు వాళ్ల సత్తా స్పోర్ట్స్ డ్రింకు తాగినప్పటికి ఏమీ తీసిపోలేదు. ఆ పరిశోధనకు కొంత సొమ్ము పాడి పరిశ్రమ సంస్థ నుంచే వచ్చిందన్నది కూడా గుర్తుంచుకోవాలి. తొమ్మిది మంది మీద జరిగిన చిన్న పరీక్ష అది. అయినా పాలలో ఉన్నవి కళ్లకు కనిపించే నిజాలే.

రాగి జావ: పాలు పడనివాళ్లకు

రెండు చెంచాల రాగిపిండిని రాత్రే నీళ్లలో కలిపి నానబెట్టండి. పొద్దున ఉండ కట్టకుండా కలుపుతూ ఉడికించి, చల్లారాక ఉప్పు, పలచటి సల్ల పోసుకోండి. పాలు తాగితే కడుపులో గడబిడయ్యే చాలామందికి పులిసిన సల్ల ఇబ్బంది పెట్టదు. అదీ పడకపోతే బెల్లంతో తాగండి. జొన్న అంబలి కూడా ఇంతే. శక్తి వస్తుంది, ఉప్పు మీ చేతిలో ఉంటుంది. మాంసకృత్తులు తక్కువ కాబట్టి పక్కన రెండు ఉడికించిన కోడిగుడ్లు పెట్టుకోండి.

అడుగు 5: ఓఆర్ఎస్ కొంటే పొట్లం వెనక చదవండి

బాగా ఎండలో, చెమట ధారలు కట్టిన రోజున ఓఆర్ఎస్ మంచి ఎంపికే. చిన్నపేగులో సోడియం, గ్లూకోజు జోడుగా లోపలికి పోతూ వెంట నీటిని లాక్కుపోతాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగినప్పుడు, సెలైన్ సీసాలు అయిపోయిన చోట డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి ద్రావణాన్నే తాగించి ఎన్నో ప్రాణాలు నిలిపారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉండాలి. ఈ సూత్రం పాటించకుండా పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకుని, లోపల తీపి పండ్ల పానీయం నింపిన డబ్బాలు ఏళ్ల తరబడి మందుల దుకాణాల్లోనే అమ్ముడుపోయాయి. వాటి మీద ఏళ్ల పాటు పోరాడింది మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్. తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లారు. చివరకు 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది.

ఇందులో కొత్త సైక్లిస్టుకు పాఠం ఒక్కటే. ముందు వైపు పేరు చదివి మోసపోవద్దు, వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవండి. చక్కెర ఎంత, సోడియం ఎంత చూడండి. 100 మిల్లీలీటర్లకు చక్కెర 8 గ్రాములు దాటితే అది కడుపులోంచి నెమ్మదిగా కదులుతుంది. నా కూల్‌డ్రింకు తలనొప్పిలో కొంత పాపం దానిదే, ఎందుకంటే వాటిలో పది గ్రాములకు పైగా ఉంటుంది, ఉప్పు దాదాపు సున్నా.

పొట్లం మీద లీటరని ఉంటే లీటరు నీటిలోనే కలపాలి. సగం పొట్లం సగం నీళ్లంటూ కొలత తప్పొద్దు. పొట్లం దొరక్కపోతే లీటరు నీటికి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు చదునుగా కొలిచి కలపండి. నిమ్మకాయ పిండితే రుచి బాగుంటుంది. బత్తాయి రసం కలుపుకున్నా మంచిదే, నల్గొండ బత్తాయికి పేరుండనే ఉంది.

అడుగు 6: మెల్లగా తాగండి

దిగగానే ఒక గ్లాసు. స్నానం చేశాక ఒక గ్లాసు. టిఫిన్‌తో మిగతాది. గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు మించొద్దు. లీటర్లకు లీటర్లు వట్టి నీళ్లు ఒకేసారి తాగితే రక్తంలో సోడియం పలచబడి తల తిరగడం, వాంతులు, మరీ ఎక్కువైతే ఫిట్స్ దాకా వస్తాయి.

తాగే నీళ్ల సంగతి కూడా చూసుకోండి. ఉమ్మడి నల్గొండ జిల్లా ఫ్లోరైడ్ కష్టం పడ్డ నేల. దారిలో ఏ బోరు కనబడితే ఆ బోరు దగ్గర సీసా నింపొద్దు. మరిగించినా ఫ్లోరైడ్ పోదు. ఇంటి దగ్గరే సీసాలు నింపుకుని బయల్దేరండి.

అదే రోజు మళ్లీ తొక్కాలంటే మొదటి గంటలోనే పిండి పదార్థం పడాలి. హైదరాబాద్ రాండొనియర్స్ లాంటి క్లబ్బులు పెట్టే 200 కిలోమీటర్ల బ్రెవెట్ అనే దూరపు రైడ్‌ను 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేయాలి, అక్కడ ఆగిన ప్రతి చోటా తినక తప్పదు. ఆదివారం పొద్దున గుడి దాకా పోయొచ్చి, మళ్లీ వచ్చే ఆదివారం దాకా సైకిల్ ముట్టనివాళ్లకు ఆ తొందర లేదు. మామూలుగా మూడు పూటలా తింటే చాలు.

అడుగు 7: సరిపోయిందా, లేదా?

మూడు నాలుగు గంటల తర్వాత మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపోయింది. ముదురు పసుపైతే ఇంకా తాగాలి. మర్నాడు పొద్దున బరువు మొదటి రోజుకు దగ్గరగా వస్తే మీ లెక్క కుదిరినట్టే.

దారిలో ఊరించేవి

చెరుకు రసం: గ్లాసులో చక్కెర 30 గ్రాములు దాటుతుంది. పెద్ద రైడ్ తర్వాత పరవాలేదు, ఉప్పూ నిమ్మా వేయమనండి. ఐసు ఎక్కడి నీళ్లదో తెలియకపోతే వద్దనండి.

టీ: ఒక కప్పు టీ ఒంట్లో నీటినంతా లాగేస్తుందన్నది అపోహ. తాగండి, కానీ లెక్కలో వేసుకోవద్దు.

ఎనర్జీ డ్రింకు: చక్కెర, కెఫీన్ తప్ప రైడ్ తర్వాత పనికొచ్చేది లేదు.

నీరా: తెల్లవారకముందు దించి, పులవకుండా చల్లగా ఉంచింది దొరికితే బాగుంటుంది. ఎండెక్కితే అదే కల్లవుతుంది.

కల్లు: సైకిల్ దిగగానే వద్దు. మద్యం మూత్రాన్ని పెంచి, తాగిన నీటిని నిలవనీయదు. పైగా మళ్లీ సైకిల్ ఎక్కాలి కదా!

వీళ్లు డాక్టర్ని అడగాలి

బీపీ ఉన్నవాళ్లు ఉప్పు కలుపుకునే ముందు, షుగర్ ఉన్నవాళ్లు బెల్లం, పండ్ల రసాల ముందు, కిడ్నీ జబ్బున్నవాళ్లు పొటాషియం ఎక్కువున్న బోండాం ముందు డాక్టర్ని అడగండి. తోటివాడు ఎండలో తికమకగా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా, తడబడి పడిపోతున్నా అది వడదెబ్బ. అప్పుడు ఏ డ్రింకూ వెతకొద్దు. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు.

చివరగా నా తీర్పు

గంటలోపు రైడ్‌కు నీళ్లు. రెండు గంటల దాకా ఉప్పేసిన సల్ల. అది దాటితే సల్లతో పాటు సద్దన్నమో, పాలూ అరటిపండ్లో. చెమట ధారలు కట్టిన రోజున సరైన ఓఆర్ఎస్. వీటిలో ఏదీ ముప్పై నలభై రూపాయలు దాటదు, చాలావరకు ఇంట్లోనే ఉంటుంది. స్పోర్ట్స్ డ్రింకు తాగితే తప్పేమీ లేదు, తాగకపోతే పోయేదీ లేదు. ఈ ఆదివారం బయల్దేరే ముందు పెరుగు చిలికి కుండలో పోసి వెళ్లండి. ఒంట్లో నీళ్లు అడుగంటిన మనిషికి కవ్వం తిప్పే ఓపిక ఉండదు, చేతికందిన సీసానే తెరుస్తాడు.